అమ్మడూ, ముందు ఆ పెట్రోలు ఆలోచన మానుకో

చి.ల.సౌ. అమ్మడికి,

పెద్దత్త ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. గోపాలపట్నంలో కొన్న ఫ్లాట్‌లోకి దసరా లోపే చేరిపోతున్నారటగా, చాలా సంతోషం. ఆ వెంటనే ఇంకో మాట చెప్పాడు. కొత్త ఇంటి సామాన్లతో పాటు నువ్వు ఆపద సామాన్ల జాబితా కూడా ఒకటి రాసుకున్నావట. అందులో మూడు నెలల బియ్యం, బాల్కనీలో జనరేటర్, దానికి ఇరవై లీటర్ల పెట్రోలు, నలుగురికీ గ్యాస్ మాస్కులు ఉన్నాయట. అల్లుడు ఇదంతా ఎందుకంటే "రేపేదైనా అయితే ఎవరొస్తారు మనకి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నావట.

అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మన పిల్లల్లో ఇంత ముందుచూపు నీకొక్కదానికే ఉందని గర్వంగానూ ఉంది, ఆ జాబితా తలుచుకుంటే భయంగానూ ఉంది. ఫోన్‌లో అయితే నేను గొంతు పెంచుతాను, నువ్వు "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. అల్లుడి చేత కూడా చదివించు.

ముందు పెట్రోలు. మూడేళ్ల పిల్ల తిరిగే ఇంట్లో, వంట పొయ్యి వెలిగే ఫ్లాట్‌లో పెట్రోలు డబ్బా ఎలా పెడదామనుకున్నావమ్మా? మూత ఎంత బిగించినా ఎండకి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. నేలనంటుకుని పాకి, నిప్పు ఎక్కడుందో అక్కడికి చేరుతుంది. నేను కాలిన రోగుల దగ్గర పనిచేసినదాన్ని. 1997 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున మన విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ లీకై అంటుకుంది. అరవై మంది దాకా పోయారు. అక్కడ కూడా ముందు వచ్చింది మంట కాదు, కంటికి ఆనకుండా నేలమీద పరుచుకున్న ఆవిరి. ఆ రోజు డ్యూటీలో చూసినవి నీకు రాయను. ఆ డబ్బా మాత్రం నీ గుమ్మం లోపలికి రాకూడదు.

పెట్రోలు లేకపోతే జనరేటర్‌కి పనిలేదు. అదీ మంచిదే. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగూ వాసనా ఉండవు. బాల్కనీలో పెట్టి తలుపు మూసినా సందుల్లోంచి పడగ్గదిలోకి వచ్చేస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత మగత, ఆ మీదట పడుకున్నవాళ్లు లేవరు. మామూలు ఇన్వర్టర్ ఒకటి పెట్టించుకోండి, 150 ఏహెచ్ బ్యాటరీతో. ఒక రాత్రికి రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు నడుస్తాయి. కరెంటు రోజుల తరబడి రాదని తెలిస్తే ఫ్యాన్లు ఆపేసి, ఒక లైటుకి, ఫోన్ల చార్జింగ్‌కి మాత్రమే వాడుకుంటే చాలాకాలం వస్తుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూసే పని అల్లుడికి అప్పజెప్పు.

నీ భయం ఎక్కడిదో నాకు తెలుసు తల్లీ. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హైదరాబాద్ హాస్టల్లో ఉన్నావు. టీవీలో విశాఖ ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయి కనిపిస్తోంది, బీచ్ రోడ్డులో చెట్లు కూలి కనిపిస్తున్నాయి, మా ఎవరి ఫోనూ కలవట్లేదు. అమ్మా నాన్నా ఉన్నారో లేరో తెలియక నువ్వు పడ్డ బాధ ఇప్పటికీ నీలో ఉండిపోయింది. అందుకే ఏదో ఒకటి కొనేసి ఇల్లంతా నింపెయ్యాలనిపిస్తోంది. అలా అనిపించడం తప్పు కాదు. కానీ ఆ రోజు మన ఇంట్లో దేనికి లోటు వచ్చిందో నీకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతాను. మీ నాన్న కోప్పడితే నేను చూసుకుంటాను.

ఆ రోజు ఆదివారం, అక్టోబర్ 12. హుద్‌హుద్ వస్తోందని వాతావరణ శాఖ వాళ్లు నాలుగు రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. మీ నాన్న ఎంత జాగ్రత్తపరుడో నీకు తెలుసు కదా. పెదవాల్తేరు ఇంట్లో డ్రమ్ములు, బిందెలు, గుండిగలు అన్నీ నింపేశాడు. డాబా మీద పూలకుండీలు కిందికి దించాడు. టార్చిలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బియ్యం, పప్పు, అన్నీ సిద్ధం. మీ అమ్మ ముందురోజే పులిహోర కూడా కలిపి పెట్టింది. నేను ఒక్కదాన్నే ఉంటానని నన్ను కూడా శనివారం సాయంత్రమే తీసుకొచ్చేశాడు. వస్తువుల్లో లోటేమీ లేదు.

తెల్లవారుజాము నుంచే గాలి మొదలైంది. పొద్దెక్కేసరికి అది గాలి అనిపించలేదు, ఇంటి గోడల్ని ఎవరో పట్టి ఊపుతున్నట్టు ఉంది. ఎదురింటి వేపచెట్టు పడింది. ఎవరివో రేకులు లేచి మన సందులోంచి ఎగురుకుంటూ పోయాయి. ముందుగదిలో కిటికీ అద్దం పగిలి వాన లోపలికి కొట్టింది. మేం ముగ్గురం మధ్యగదిలో, కిటికీ లేని గోడవారగా కూర్చున్నాం.

మధ్యాహ్నం అయింది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోయింది. ఆకాశం కాస్త తెల్లబడింది కూడా. సందులోకి జనం వచ్చేశారు. "అయిపోయింది, అయిపోయింది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటున్నారు. పక్కింటి కుర్రాడు వచ్చి "అంకుల్, మీ ట్యాంకు మూత మా డాబా మీద పడింది" అన్నాడు. అంతే, మీ నాన్న మెట్లెక్కాడు. ట్యాంకులోకి చెత్త పడితే ఉన్న నీళ్లు పాడవుతాయని వాడి బాధ. మీ అమ్మ వద్దంది. "ఇప్పుడే వచ్చేస్తా" అన్నాడు.

అది తుఫాను కన్ను. తుఫాను పెద్ద సుడి కదా, దాని నట్టనడుమ గాలి ఉండదు. ఆ నడుమ భాగం ఊరి మీదికి వచ్చినప్పుడు అంతా అయిపోయినట్టే ఉంటుంది. అది దాటగానే సుడి రెండో గోడ వచ్చి తగులుతుంది, అదీ ఎదురు దిక్కు నుంచి. మొదటి గాలికి ఒక పక్కకి వంగి, వదులై, ఊగిసలాడుతున్న ప్రతి వస్తువునీ రెండో గాలి అటు నుంచి లాగుతుంది. చెట్లు, రేకులు, హోర్డింగులు అప్పుడు కూడా చాలా ఊడతాయి.

మీ నాన్న డాబా మీద ఉండగానే అది వచ్చింది. మెట్లగది తలుపు దడాలున మూసుకుని గడియ పడిపోయింది. వాడు వాటర్ ట్యాంకు దిమ్మ పక్కన బోర్లా పడుకున్నాడు. లోపల నుంచి నేనూ మీ అమ్మా ఆ తలుపు తీయబోతే గాలి ఒత్తిడికి రాలేదు. ఇద్దరం ఒంటి బలమంతా పెట్టి తోశాం. వాడి పేరు పెట్టి అరిచాం. మా గొంతు మాకే వినపడలేదు. కాసేపటికి గాలి రవ్వంత విడిచినప్పుడు తలుపు జానెడు తెరుచుకుంటే, వాడు పాక్కుంటూ వచ్చి పడ్డాడు. ఎక్కడి నుంచో వచ్చిన రేకు ఎడమ పిక్కని నిలువుగా కోసేసింది. పంచె రక్తంతో తడిసిపోయింది.

నేను నర్సుని కాబట్టి మీ అమ్మ ఉతికిన నూలు చీర మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకుని, కాలు దిండు మీదికెత్తి కూర్చున్నాను. రక్తం ఆగింది. ఆ ఇంట్లో కొవ్వొత్తులు రెండు డజన్లు ఉన్నాయి, దూది చుట్ట ఒక్కటీ లేదు. గాజుగుడ్డ లేదు, డెట్టాల్ సీసా అడుగంటింది. 108కి చేద్దామంటే ఫోన్లు పోయాయి. ఫోన్ ఉన్నా బండి వచ్చే వీల్లేదు, రోడ్డు నిండా చెట్లు. తెల్లారాక పక్కింటివాళ్లు నలుగురు కలిసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన కొమ్మల మీంచి దాటించుకుంటూ డాక్టరు దగ్గరికి మోసుకెళ్లారు. కుట్లు, టీటీ ఇంజక్షను అప్పుడు పడ్డాయి. చీము పట్టి తగ్గడానికి చాలా రోజులు పట్టింది. నువ్వు దీపావళికి వచ్చినప్పుడు కాలికి ఆ కట్టేమిటని అడిగితే బాత్‌రూమ్‌లో జారానన్నాడు. ఇప్పటికీ చలికాలంలో ఆ కాలు లాగుతుంది వాడికి. నీకు తెలిస్తే భయపడతావని చెప్పలేదు.

ఇప్పుడు చెప్పు, అమ్మడూ. వాడి దగ్గర జనరేటర్ ఉంటే ఆగేవాడా? మూడు నెలల బియ్యం ఉంటే ఆగేవాడా? ఇంట్లో అందరూ కూర్చుని "గాలి ఆగినా ఎవరూ బయటికి వెళ్లకూడదు, తుఫాను దాటిందని రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకూడదు" అని ముందురోజు ఒక్కమాట అనుకుని ఉంటే ఆగేవాడు. ట్యాంకు మూత తాడుతో కట్టి ఉంటే ఎక్కవలసిన పనే ఉండేది కాదు. గాలి మెల్లమెల్లగా సడలుతూ తగ్గితే తుఫాను వెళ్లిపోతున్నట్టు. ఒక్కసారిగా ఆగితే ఇంకా సగం ఉన్నట్టు. ఇది నీ కూతురికి కూడా, మాటలు బాగా వచ్చాక నేర్పు.

మనం అక్కడ పది మందికి సరిపడా సరుకులు పెట్టుకున్నాం, ముగ్గురికి పనికొచ్చే నిర్ణయం ఒక్కటీ తీసుకోలేదు. నీ జాబితా చూస్తే నాకు అదే కనిపించి భయం వేసింది. ఎప్పుడు తలుపులు మూసుకుని లోపల కూర్చోవాలి, ఎప్పుడు తలుపు తీసి వెళ్లిపోవాలి, ఎవరు ఎవర్ని పట్టుకోవాలి, ఎవరి మాటే చివరి మాట. ఇవి ముందు తేల్చుకోండి. కొనుగోళ్లు తర్వాత.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో కూడా చెబుతాను. ఎంత సరుకు పెట్టుకోవాలో దాన్నిబట్టే తెలుస్తుంది. కరెంటు రోజుల తరబడి లేదు. కరెంటు లేక బోరు మోటార్లు ఆగిపోయాయి, అపార్ట్‌మెంట్ల వాళ్లు బకెట్లతో నీళ్లు మోసుకుంటూ మెట్లెక్కారు. పాల ప్యాకెట్‌కీ, నీళ్ల క్యాన్‌కీ అడిగినంత ఇవ్వవలసి వచ్చింది. పెట్రోలు బంకుల దగ్గర వరుసలు, ఏటీఎంలు మూత. కానీ ఆకలితో పోవలసిన పరిస్థితి రాలేదు. రోజులు గడుస్తున్నకొద్దీ ట్యాంకర్లు వచ్చాయి, కూరగాయలు వచ్చాయి, ఒక్కో వీధికీ కరెంటు వచ్చింది. మన ఊరికి కావలసింది మొదటి వారం తట్టుకునే సరుకు. మూడు నెలల బియ్యం పెడితే ఈ సముద్రపు తేమకి పురుగు పట్టి, చివరికి చెరిగి ఎండబెట్టుకునే పని నీకే పడుతుంది. రోజూ వాడే సరుకులే పది రోజులకి సరిపడా అదనంగా ఉంచుకో, పాతది ముందు వాడుతూ కొత్తది వెనక పెడుతూ ఉండు. పొయ్యి వెలిగించకుండా తినేవి కొన్ని ఉండాలి: అటుకులు, మరమరాలు, వేరుశెనగలు, బెల్లం, ఖర్జూరం, ఏదో ఒక పచ్చడి, పిల్లకి పాలపొడి. చోడిపిండి, అదే రాగిపిండి, ఉంటే ఒక్క గిన్నె అంబలితో పూట గడిచిపోతుంది. మీ అత్తగారి ఒంటికి కూడా మంచిది.

నీళ్ల లెక్క ఇది. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి మూడు లీటర్లు. నలుగురికి ఐదు రోజులకి అరవై. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. మిగతా వాడకానికి, తుఫాను హెచ్చరిక రాగానే ఇంట్లో ఉన్న ప్రతి బకెట్టూ నింపేయడమే. అనుమానం ఉన్న నీళ్లు తెర్ల కాచి చల్లార్చి తాగండి. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే, కాచిన నీళ్లు లీటరుకి పంచదార ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా, చెంచా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లకి ప్రమాదం, కొలత తప్పకు.

చేతిలో డబ్బు ఉంచుకో. యాభైలు, వందలు. మీరు పదిరూపాయల కొత్తిమీరకి కూడా ఫోనే చూపిస్తారు. నెట్‌వర్క్ పోతే అది పనిచేయదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: మీ అత్తగారి మందులు. హుద్‌హుద్ తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఇరుగుపొరుగుల్లో దెబ్బలు తగిలినవాళ్లకంటే మాత్రలు అయిపోయినవాళ్లే ఎక్కువ. బీపీ మాత్ర నాలుగు రోజులు మానేసిన ముసలాయన, ఇన్సులిన్ ఎక్కడ దొరుకుతుందమ్మా అని మెడికల్ షాపులన్నీ తిరిగొచ్చిన ఇల్లాలు. వాళ్ల ఇళ్లలో బియ్యం నిండుగా ఉంది. మీ అత్తగారు వాడే ప్రతి మందూ పదిహేను రోజులకి అదనంగా ఉండాలి. కొత్తవి కొన్నప్పుడు పాతవి ముందు వాడాలి. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే ఇక పనికిరాదు. వాడుతున్న సీసా, గది మరీ వేడెక్కకపోతే, సుమారు నాలుగు వారాలు బయట ఉన్నా పనిచేస్తుంది. దాని పెట్టెలో ఉన్న కాగితం చదివి ఎంత వేడి వరకో చూసుకో. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకు. రోజులు పట్టేలా ఉంటే కొత్త మట్టికుండలో తడి ఇసక పోసి, సీసాలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో ఉంచి, తడిగుడ్డ కప్పి నీడలో పెట్టు. తిండి వేళ తప్పినప్పుడు షుగర్ పడిపోతుంది కాబట్టి గ్లూకోజ్ పొడి ఆవిడ తలగడ దగ్గరే ఉండాలి. ఆవిడ మందుల పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. ఫోన్‌లో ఫోటో ఉందంటావు, ఫోన్ ఆగిపోయిన రోజున అడుగుతారు డాక్టరుగారు.

దూది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజీ, పోవిడోన్ అయోడిన్, పారాసెటమాల్, పిల్లకి దాని సిరప్. ఇవి ఒక డబ్బాలో పెట్టి, డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించు. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే మీరిద్దరూ ఈ నెలలోనే డాక్టరుని అడిగి వేయించుకోండి.

ఇక గ్యాస్ సంగతి. నువ్వు గోపాలపట్నం వెళ్తున్నావని వినగానే నాకు 2020 మే 7 గుర్తొచ్చింది. మీ కొత్త ఇంటికి ఆర్.ఆర్. వెంకటాపురం దూరమేం కాదు. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం ఉన్న ట్యాంకు వేడెక్కి, తెల్లవారుజామున మూడింటప్పుడు జనం నిద్రలో ఉండగా ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఎటు పోవాలో తెలియక రోడ్ల మీద పడిపోయినవాళ్లని టీవీలో నువ్వూ చూశావు. అందుకే మాస్కులు రాసుకున్నావని అర్థమైంది. కానీ గ్యాస్ మాస్క్ అంటే ఒక్కో రకం ఆవిరికి ఒక్కో రకం ఫిల్టరు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది, ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కోవాలి. పసిపిల్ల ముఖానికి సరిపోయేది దొరకడం కష్టం, దొరికినా అది ఉంచుకోదు. కరోనాకి పెట్టుకున్న మాస్క్ ఆవిరిని ఆపదు. మాస్కు వెతుక్కుంటూ గదిలో నిలబడిన నాలుగు నిమిషాలు మీకు రోడ్డు మీద కావాలి.

ఇక్కడే తుఫానుకీ దీనికీ తేడా గుర్తుపెట్టుకో. తుఫానులో ఇల్లే మీకు రక్ష. విషవాయువు ఇంట్లోకి వచ్చి కళ్లు మండుతుంటే ఆ ఇంట్లోనే ఉండిపోకూడదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, పల్లంలో నిలుస్తుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోండి, చెట్టు కొమ్మో, ఆరేసిన బట్టో, ఏదైనా చెబుతుంది. గాలి వెంబడి పరుగెత్తవద్దు, ఆ వాసనా మీతోనే వస్తుంది. గాలికి అడ్డంగా, పక్కకి, మెరక వైపు వెళ్లండి. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోండి, పిల్లని భుజం మీద ఎత్తుకోండి. అలాకాక, ఎక్కడో దూరంలో లీకైందని వార్త వచ్చి, మీకింకా ఏ వాసనా లేకపోతే కంగారుపడి రోడ్డెక్కకండి. తలుపులు, కిటికీలు మూసి, ఏసీ ఆపి, అధికారులు ఏం చెబుతారో వినండి. 1997లో మంటలకంటే వదంతులు వేగంగా వెళ్లాయి. ఇంకో ట్యాంకు పేలుతోందంటూ కట్టుబట్టలతో ఊరు వదిలి పరుగెత్తినవాళ్లని కళ్లారా చూశాను.

మీ ఇంటి నుంచి మూడు దారులున్నాయి: ఎన్ఏడీ వైపు, సింహాచలం వైపు, వేపగుంట మీదుగా పెందుర్తి వైపు. ఈ ఆదివారం బండి మీద మూడూ తిరిగి రండి. ఏ రోజు ఏది వీలైతే అది. ఇంట్లో వంటగ్యాస్ వాసన వస్తే మాత్రం రెగ్యులేటర్ కట్టేసి, ఏ స్విచ్చూ వేయకుండా, ఆపకుండా, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి.

ఈ సర్దుళ్లన్నీ దసరా ముందే చెయ్యమంటున్నాను, అందుకో కారణం ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది అక్టోబర్ 12న, మరుసటి ఏడు హుద్‌హుద్ కూడా 12నే. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది 11న. మన తీరానికి ఆ నెల అలాంటిది. ఎలాగూ ఆయుధపూజకి ఇంట్లో పనిముట్లన్నీ తుడిచి బొట్టు పెడతాం కదా, ఆ రోజే టార్చి బ్యాటరీలు, రేడియో, పవర్ బ్యాంకులు, ఇన్వర్టర్, మందుల గడువు చూసుకో. రేడియో అంటే సెల్లులతో పనిచేసే చిన్న ట్రాన్సిస్టర్. అది కొను, దానికి నేను డబ్బులిస్తాను.

అద్దాలకి టేపు అంటిస్తే పగలవని అనుకోకు. కిటికీలకి దూరంగా, పడగ్గదికీ బాత్‌రూమ్‌కీ మధ్య ఉన్న ఆ చిన్న నడవలో కూర్చోండి. డాబా మీద అందరి ట్యాంకులూ నిండుగా ఉంచి, మూతలు తాళ్లతో కట్టించమని అసోసియేషన్ వాళ్లకి చెప్పు. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది. కారు చెట్టుకింద వద్దు. ఇంటి కాగితాలు, ఆధార్లు, పిల్ల బర్త్ సర్టిఫికెట్టు ఒక జిప్ కవర్లో. ఇంటికి ఇన్సూరెన్స్ కూడా చేయించుకోండి. భారత్ గృహ రక్ష అని 2021 నుంచి అన్ని కంపెనీలూ ఇస్తున్నాయి, తుఫాను, వరద, అగ్నిప్రమాదం అందులో ఉంటాయి.

ఫోన్లు పోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. 2014లో నువ్వు మా అందరికీ చేశావు, మేమందరం నీకు చేశాం, ఎవరిదీ ఎవరికీ కలవలేదు. ఈసారి మీ చిన్నాన్న బెంగళూరులో ఉన్నాడు కాబట్టి అందరం వాడికే మెసేజ్ పెడదాం. కాల్ వెళ్లని చోట కూడా ఎస్సెమ్మెస్ ఒక్కోసారి వెళ్తుంది. "క్షేమం, ఇంట్లోనే" అని రెండు మాటలు చాలు. వాడి నంబరు నోటికి రావాలి నీకు. 112, 108, 101, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, కరెంటుకి 1912, ఇవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. నేను అరవవలసినదానికంటే ఎక్కువే అరిచాను అనుకుంటాను, కానీ నువ్వు ఆ హాస్టల్ గదిలో ఒంటరిగా ఫోన్ పట్టుకుని కూర్చున్న రోజు మళ్లీ మన ఇంట్లో ఏ పిల్లకీ రాకూడదమ్మా.

"ఎవరొస్తారు మనకి" అన్నావు చూడు, దానికి జవాబు కూడా రాస్తాను. మీ నాన్నని కుర్చీలో మోసుకెళ్లినవాళ్లు పక్కింటివాళ్లు. అంతకు ముందు నెలలోనే వాళ్లకీ మనకీ మురుగుకాలవ దగ్గర మాటపట్టింపు వచ్చింది. అయినా వచ్చారు. కొత్త ఫ్లాట్‌లోకి వెళ్లిన వారంలోనే ఎదురింటి తలుపు కొట్టి పలకరించు, మీ అంతస్తులో ఎవరింట్లో మంచం మీద ఉన్న పెద్దవాళ్లున్నారో తెలుసుకో. మీ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుందని మీ నాన్న చెప్పాడు, ఇద్దరు పిల్లలట. పెద్దవాన పడితే ముందు మునిగేది సెల్లార్. మీటర్ బోర్డు కూడా అక్కడే అయితే నీళ్లు చేరకముందే మెయిన్ ఆపించి, ఆ కుటుంబాన్ని పైకి రమ్మనాలి. ఏ ఇంటికి వస్తారో ఇప్పుడే చెప్పి ఉంచు. మీ హాలు పెద్దదే. నా మాటగా అల్లుడితో అను. నీ సరుకుల లెక్కలో వాళ్ల నలుగురికీ నాలుగు రోజుల అటుకులు, నీళ్లు కలుపు. మూడు నెలల బియ్యం కొనాలనుకున్న డబ్బు దానికి చాలు.

వచ్చే బుధవారం నేను అక్కడికి వస్తాను. మీ అత్తగారి మందుల చీటీలన్నీ తీసి ఉంచు, ఇద్దరం కూర్చుని రాద్దాం. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. అల్లుడికి, పాపకి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దత్త
పెదవాల్తేరు, విశాఖపట్నం